చీటీలో లేని స్వరం

నాలుగు రోజుల్లో పదకొండు హార్మోనియం పెట్టెలు బాగుచేసి ఇవ్వాలన్నది ఒప్పందం. పది అయ్యాయి. పదకొండోది మేస్త్రి ముందు పొట్ట విప్పుకుని కూర్చుంది. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. పదింటికి మేడ మీద పిల్లలకు పరీక్ష.

పెట్టెకు కూలి నూట యాభై. ఒక్కో దానికి పని అయిదారు గంటలు. మామూలుగా మేస్త్రి రోజుకు రెండు చేసేవాడు. ఈ నాలుగు రోజులూ మూడేసి లాగాడు. పని తగ్గలేదు, రోజు పెరగలేదు. సరుకు అంతే ఉండి సంచి చిన్నదైతే ఏం చేస్తాం? అదిమి పెడతాం. మేస్త్రి కూడా భోజనాన్ని పది నిమిషాల్లోకి అదిమాడు. నిద్రను నాలుగు గంటల్లోకి అదిమాడు. చివర్లో శ్రుతి సరిచూసే గంటను మాత్రం పది పెట్టెల్లోనూ ముట్టుకోలేదు. ఆ గంట పోతే మిగతా అయిదు గంటలూ దండగని అతని లెక్క.

ఈ పదకొండోది పరీక్ష గదిలోనే ఉండే పాత పెట్టె. ఒంటి వరస రీడ్లది. పాడినవాళ్ళు లేరు, వాయించినవాళ్ళు లేరు, ఏడాదికోసారి పరీక్షకు మూత తీస్తారు. లోపల గాలికి స్వరం పలికే ఇత్తడి రీడ్లకు పచ్చగా చిలుము పట్టింది. ఏ రీడు ఎక్కడిదో తెలిసేలా పక్కన సూదితో గీసిన గీతలు ఉండాలి. చిలుముతో పాటు గీతలు కూడా పోయాయి. మేస్త్రి కొలత చూసుకుంటూ, నోటితో ఊది వింటూ ఒక్కొక్కటే బిగించాడు. ఆఖరి మర తిప్పుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"ఏం మేస్త్రీ, ఇంకా దాన్ని జోకొడుతున్నావా?" అంటూ ఓనరు స్వయంగా దిగొచ్చాడు.

"బిగించడం అయింది సార్. శ్రుతి చూడాలి. ఒక్క అరగంట."

"పరీక్ష పెట్టే బోర్డాయన వచ్చి కూర్చున్నాడు. ఆయన అరగంట ఎంతో తెలుసా? ఇంకో రెండు సెంటర్లకు వెళ్ళాలి ఆయన. మోగుతోందా లేదా?"

"మోగుతుంది గానీ సార్..."

"మోగితే చాలు. అదేం కచేరీకి వెళ్తోందా?"

మూత వేసి వాచ్‌మన్ చేత పైకి మోయించుకుపోయాడు. మేస్త్రి చేతిలో మరలు తిప్పే స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది.

కింద వాయిద్యాల షాపు, వెనక మేస్త్రి బల్ల, పైన సంగీత పాఠశాల. మూడూ ఒకే ఓనరు కింద. ఓనరు చెడ్డవాడని ఎవరూ అనరు. ఒకటో తారీఖున లెక్క తేల్చేస్తాడు, ఒళ్ళు కాలే జ్వరంలో పనికి రమ్మనడు. ఆయనకు తెలిసిన వ్యాపారం ఆయన చేస్తాడు. పిల్లవాడు చేరితే పెట్టె అమ్ముడుపోతుంది. పెట్టె అమ్ముడుపోతే నెలకు ఎనిమిది వందల ఫీజు మొదలవుతుంది. ఫీజు ఆగకుండా ఉండాలంటే ఏడాదికో సర్టిఫికెట్ రావాలి. మెట్ల దగ్గర గుడ్డ బ్యానరు మీద ఆయన పెట్టుబడంతా రాసి ఉంది: 'తొమ్మిదేళ్ళుగా నూటికి నూరు ఫలితాలు'.

పరీక్షలో మూడు భాగాలు. పాట వాయించడం, సిద్ధాంతం రాయడం నిన్ననే అయిపోయాయి. ఇవాళ చెవి పరీక్ష. పిల్లలు పెట్టెకు వీపు పెట్టి నిలబడాలి. బోర్డాయన ముందు 'స' వినిపించి, తర్వాత ఏదో ఒక స్వరం వినిపిస్తాడు. అది ఏమిటో చెప్పాలి. అలా అయిదు స్వరాలు. నాలుగు సరిగ్గా చెబితే పాసు.

చెవి తయారవడానికి ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళు ఆగే తల్లిదండ్రులు లేరు, ఆగే ఓనరు అంతకన్నా లేడు. అయితే బోర్డు వాళ్ళు అచ్చేసిన మార్కుల కాగితంలో ఆ అయిదు స్వరాలూ తొమ్మిదేళ్ళుగా మారలేదు. ప, గ, పై స, మ, రి. ఓనరు ఆ అయిదూ ఒక చీటీ మీద రాసి టీచరు చేతికి ఇచ్చాడు. టీచరు మొదటి ఏడాది మొహం చిట్లించింది. రెండో ఏడాది నల్లబల్ల మీద రాసింది. ఇప్పుడు పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెబుతారు. వినాల్సిన పనే లేదు.

నలభై ఒక్క మంది పిల్లల్లో మేస్త్రి కూతురు ఒకతి. పదేళ్ళది. పుట్టినప్పుడు సన్నగా కీచుమని ఏడ్చిందట, ఆ పేరే ఉండిపోయింది. పనివాడి పిల్ల కాబట్టి కీచుకు సగం ఫీజు. ఆ నాలుగొందలూ మేస్త్రి కూలిలోంచే పట్టుకుంటారు. ఏ పరీక్షలోనైనా తప్పితే సగం ఫీజు సౌకర్యం పోతుందన్నది షరతు. మొత్తం ఫీజు కట్టే తాహతు మేస్త్రికి లేదు.

కీచుకు చీటీ నోటికొచ్చు. కానీ దాని అసలు బడి తండ్రి బల్ల. సాయంత్రాలు బల్ల పక్కన స్టూలెక్కి కూర్చుంటుంది. మేస్త్రి రెండు రీడ్లు ఒకేసారి మోగిస్తాడు. అవి కలవకపోతే నాదం నీళ్ళలో నీడలా వణుకుతుంది. ఆ వణుకులు లెక్కపెట్టమంటాడు.

"సెకనుకు మూడు నాన్నా."

రీడు కొన మీద ఆకురాయితో ఒక్క గీత గీస్తాడు. స్వరం పైకి లేస్తుంది.

"ఇప్పుడు ఒకటి."

ఇంకో గీత.

"ఆగిపోయింది!" అని అది చప్పట్లు కొడుతుంది. వణుకు ఆగిపోయిందంటే శ్రుతి కలిసినట్టు. కొన దగ్గర గీస్తే స్వరం ఎందుకు లేస్తుంది, మొదట్లో గీస్తే ఎందుకు దిగుతుంది, 'గ'కూ 'మ'కూ మధ్య దూరం ఎందుకు చిన్నది, 'మ'కూ 'ప'కూ మధ్య ఎందుకు పెద్దది, అన్నీ ఇత్తడి మీద చూపించే చెబుతాడు. ఇరవై రెండేళ్ళ ఆకురాయి గోలకు మేస్త్రి ఎడమ చెవి కాస్త మందగించింది. పై వరస స్వరాలకు ఈ మధ్య కూతుర్ని అడక్కుండా మూత వెయ్యడం లేదు.

పదకొండున్నరకు కీచు వంతు వచ్చింది. దాని ముందు ముప్పై మంది గదిలోకి వెళ్ళి, రెండు నిమిషాల్లో నవ్వుతూ బయటికొచ్చారు.

అది వెళ్ళి వీపు పెట్టి నిలబడింది. బోర్డాయన 'స' నొక్కాడు. తర్వాత ఇంకోటి.

"ప," అంది కీచు.

కాగితం మీద కలం గీసిన చప్పుడు. మళ్ళీ 'స'. మళ్ళీ ఇంకో స్వరం.

చీటీ ప్రకారం ఇది 'గ'. కానీ వెనకనుంచి వచ్చింది 'గ' కాదు. కీచు కళ్ళు మూసుకుంది. 'గ' అయితే ఇంకొంచెం కిందుండాలి. నోటి దాకా వచ్చిన చీటీని మింగేసింది.

"మ," అంది.

"ఏంటీ?"

"మ అండీ."

కలం ఆగి, మళ్ళీ గీసింది. మూడోది పై 'స', సరిగ్గానే ఉంది. నాలుగోది వినగానే దానికి అయోమయంగా అనిపించింది. ఆయన చీటీని తిరగేసి అడుగుతున్నాడేమో అనుకుంది. "గ," అంది. అయిదోది "రి".

"వెళ్ళమ్మా," అన్నాడు బోర్డాయన, తల ఎత్తకుండా.

పన్నెండున్నరకు గోడకు కాగితం అంటించారు. నలభై మంది పాసు. అందరికీ అయిదుకు అయిదు. ఒక్క పేరు ఎదురుగా మాత్రం మూడు, దాని పక్కన ఎర్ర సున్నా చుట్టి 'తప్పింది'.

మందుల షాపాయన కొడుకు కాగితం చదివి, "ఒసేయ్ కీచూ, చీటీ కూడా రాదా నీకు? చెవిటిదానివా?" అన్నాడు. మెట్ల మీద అందరూ నవ్వారు.

కీచు ఏడవకుండా మెట్లు దిగి, బల్ల దగ్గరికొచ్చి, స్టూలెక్కి కూర్చున్నాక ఏడ్చింది.

"చీటీ మర్చిపోయావా తల్లీ?" అన్నాడు మేస్త్రి.

"మర్చిపోలా. రెండోది 'మ' వినిపించింది. నాలుగోది 'గ'. నువ్వేగా వినే చెప్పమన్నావ్!"

మేస్త్రి నోటి దాకా వచ్చిన ఓదార్పు అక్కడే ఆగింది. రెండోది, నాలుగోది. 'గ', 'మ'. పక్కపక్క రీడ్లు, బియ్యపుగింజంత తేడా. గీతలు పోయిన రీడ్లు. చూడని శ్రుతి.

పరీక్ష గదిలో ఎవరూ లేరు. బోర్డాయన భోజనానికి వెళ్ళాడు. మేస్త్రి గాలి తిత్తి కదిపి వరసగా నొక్కాడు. స, రి... మూడో మీట మీద వేలు ఆగిపోయింది. నాలుగోది నొక్కాడు. చాలు. ఇరవై రెండేళ్ళలో చెయ్యని తప్పు.

"ఏంటి, పెట్టె మీద బెంగ తీరలేదా?" గుమ్మంలో ఓనరు.

"గ, మ తారుమారయ్యాయి సార్. నేనే మార్చి బిగించా."

"ఏదీ, వాయించు."

మేస్త్రి వాయించాడు. ఓనరు తల పక్కకు వంచి విన్నాడు. ఆయన హార్మోనియాలు అమ్మబట్టి ఇరవై ఏళ్ళు.

"బాగానే ఉందిగా?" అన్నాడు. మేస్త్రి మొహం చూసి, తలుపు దగ్గరకు వేశాడు. "ఎవరికైనా చెప్పావా?"

"నేను చెప్పడమేంటి సార్. మా అమ్మాయి పొద్దున్నే చెప్పింది. పరీక్షలో. అందుకే కదా తప్పింది."

ఓనరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయనకు లెక్క అర్థమవడానికి పెద్ద సేపు పట్టలేదు. పెట్టె తప్పుగా మోగింది. ఒక్క పిల్ల ఆ తప్పు విని చెప్పి తప్పింది. నలభై మంది వినకుండా చెప్పి పాసయ్యారు. ఈ మాట మెట్లు దిగి వీధిలోకి వెళ్తే బ్యానరు నేల తుడిచే గుడ్డ విలువ కూడా చెయ్యదు.

"చూడు మేస్త్రీ, నాకు నీ మీద కోపం లేదు. హడావుడి పెట్టింది నేనే, ఒప్పుకుంటా. సాయంత్రం ఐదింటికి సర్టిఫికెట్లు ఇస్తున్నాం, తల్లిదండ్రులందరూ వస్తారు. బోర్డాయన అప్పటిదాకా ఇక్కడే. మీ అమ్మాయిని మళ్ళీ పరీక్షకు కూర్చోబెడతా. మళ్ళీ పరీక్షకు కట్టాల్సిన ఆరొందల ఫీజు నాది. నువ్వు పది నిమిషాల్లో రీడ్లు మార్చి బిగించెయ్. పిల్ల అప్పుడు ఏది వినిపిస్తే అదే చెబుతుంది. అబద్ధం ఆడమంటున్నానా? లేదే! పాసవుతుంది. నలభై ఒకటికి నలభై ఒకటి. ఎవరికి నష్టం చెప్పు?"

మేస్త్రి ఆలోచించాడు. నిజంగానే ఎవరికీ నష్టం కనబడలేదు.

"ఒక్క కాగితం కావాలి," అన్నాడు ఓనరు లేస్తూ. "బోర్డు రూలు. 'పొరపాటున తప్పు జవాబులు చెప్పాను, మళ్ళీ అవకాశం ఇవ్వండి' అని రెండు లైన్లు. పిల్ల రాయాలి, కింద నీ సంతకం. అయిపోయె."

మూడింటికి కీచు తల్లి వచ్చింది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. సర్టిఫికెట్ల కోసమని అరపూట సెలవు పెట్టింది. రోజు కూలి మూడొందల ఎనభైలో సగం పోయింది కాబట్టి, ఆ సగానికి తగ్గ సంతోషం చూసిపోదామని మంచి చీర కట్టుకుని వచ్చింది. బల్ల మీద తెల్ల కాగితం, దాని ముందు మూతి బిగించుకున్న కూతురు, పక్కన గడ్డం గోక్కుంటున్న మొగుడు కనిపించారు.

సంగతంతా విని ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏవయ్యా, పది నిమిషాల పనేగా? మరి ఇంతసేపూ దేనికి కూర్చున్నావ్, ముహూర్తం చూసుకుంటున్నావా?"

"పెట్టె సంగతి కాదే. ఇది కాగితం రాయనంటోంది."

"రాయకేం చేస్తావే? రెండు లైన్లకు చెయ్యి అరిగిపోతుందా? నాన్న కూలి పోతే వచ్చే నెల నీ మహారాణి ఫీజు ఎవరు కడతారు, నీ మేనమామా?"

"నేను తప్పు చెప్పలేదమ్మా."

"చెప్పలేదులే. నాకు తెలుసు, మీ నాన్నకు తెలుసు. ఇంకెవరికి తెలియాలి?"

"మరి కాగితం మీద చెప్పానని ఎందుకు రాయాలి?"

తల్లి మొగుడి వైపు చూసింది. మొగుడు ఆకురాయి వైపు చూశాడు.

"రాసెయ్ తల్లీ," అన్నాడు మేస్త్రి. గొంతు అతనికే పరాయిగా వినిపించింది. "కాగితమేగా."

కీచు కలం తీసుకుంది. 'పొరపాటున' దాకా రాసింది. కలం పక్కన పెట్టి, తండ్రి మొహం చూడకుండా అంది: "అయితే ఇంక రీడ్లు నన్ను అడక్కు నాన్నా. నాకు వినిపించింది ఒకటి, నువ్వు ఒప్పనేది ఒకటి అయితే, నాకెలా తెలుస్తుంది?"

ఓనరు అడిగిన ప్రశ్నకు మేస్త్రికి జవాబు ఇప్పుడు దొరికింది. నష్టం ఎవరికో తెలిసింది. ఈ పిల్ల చెవిని మూడేళ్ళ పాటు సాయంత్రం సాయంత్రం ఒక్కో గీత గీసి శ్రుతి చేశాడు. ఇప్పుడు ఆ చెవి తప్పని అదే చేత్తో రాయించి, కింద సంతకం పెట్టబోతున్నాడు. ఏ బేరంలోనైనా సరుకు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. తక్కెడే పాడైతే ఆ తర్వాత ఏది తూచినా అబద్ధమే.

"ఏమే, ఒకవేళ పని పోయిందనుకో," అన్నాడు భార్యతో.

ఆమె సగం రాసిన కాగితం చేతిలోకి తీసుకుని చూసింది. ఆమెకు చదువు అంతగా రాదు, కూతురి దస్తూరీ మాత్రం తెలుసు. ఎప్పుడూ నిటారుగా ఉండే అక్షరాలు ఈ ఒక్క మాటలో వంకరపోయాయి.

"పోతే పోనీ," అంది. "పెట్టెలు ఈ వీధిలోనే పుట్టాయా ఏంటి? నీ చేతులు షాపులో వదిలేసి వస్తావా?" అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. "మంచి చీర కట్టుకొచ్చాను. ఏదో ఒకటి చూసే పోతాను."

ఐదింటికి హాలు నిండింది. టేబులు మీద పెట్టె, పక్కన సర్టిఫికెట్ల కట్ట. బోర్డాయన చేతి గడియారం చూసుకుంటున్నాడు. టీచరు గోడవారగా నిలబడింది. ఓనరు మేస్త్రిని చూసి కళ్ళతోనే అడిగాడు, బిగించావా అని. మేస్త్రి తలూపలేదు. ఓనరు దాన్ని వినయం అనుకున్నాడు.

"ఒక చిన్నమ్మాయి మళ్ళీ అవకాశం అడిగింది. మంచి మనసుతో ఇస్తున్నాం," అన్నాడు ఓనరు అందరితో. "ఏదమ్మా, కాగితం?"

"రాయలేదండీ," అంది కీచు.

"రాయకపోతే ఎలాగమ్మా?" బోర్డాయన విసుక్కున్నాడు.

మేస్త్రి ముందుకొచ్చాడు. సభలో మాట్లాడటం అతనికి కొత్త. చేతిలో స్క్రూడ్రైవరు ఉండబట్టి కాస్త ధైర్యంగా ఉంది.

"అమ్మాయి తప్పు చెప్పలేదండీ. తప్పు నాది. ఈ పెట్టెలో 'గ' ఉండాల్సిన చోట 'మ' బిగించా, 'మ' ఉండాల్సిన చోట 'గ'. ఇప్పటికీ అలాగే ఉంది. కావాలంటే వినండి."

"మేస్త్రీ! కిందికి పద, మాట్లాడుకుందాం," ఓనరు గొంతు తగ్గించాడు.

"మాట్లాడుకున్నాం కదా సార్. అందుకే ఇంత దూరం వచ్చింది."

"అయితే ఏంటయ్యా ఇప్పుడు?" అన్నాడు బోర్డాయన. "అలా అయితే ఈ పిల్లకు రెండు మార్కులు కలుపుతా. ఐదుకు ఐదు. సరేనా? ఇంక కానివ్వండి."

కానిచ్చేవాళ్ళే. కుర్చీలు కదిలాయి. కానీ రెండో వరసలో మందుల షాపాయన కూర్చుని ఉన్నాడు. సీసాలో మాత్రలు తక్కువైతే మూత తీయకుండానే బరువులో పట్టేసే మనిషి. ఆయన వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంటున్నాడు.

"ఒక్క నిమిషమండీ," అన్నాడు. "పెట్టె తప్పుగా మోగిందన్నారు. ఈ అమ్మాయి ఆ తప్పు విని ఉన్నదున్నట్టు చెప్పింది. బాగానే ఉంది. మరి మావాడికి ఐదుకు ఐదు ఎలా వచ్చాయి?"

పైన ఫ్యాన్లు గరగరమంటున్నాయి.

"ఏరా, నువ్వేం విన్నావ్?" ఆయన కొడుకు వైపు తిరిగాడు.

"చీటీ చెప్పా నాన్నా," అన్నాడు వాడు నేల చూస్తూ.

"ఏం చీటీ?"

వాడు టీచరును చూశాడు. మిగతా నలభై మంది పిల్లలూ చూశారు. టీచరు చీర కొంగు చుట్టుకుని రెండడుగులు ముందుకొచ్చింది.

"అయిదు స్వరాలు రాసిన చీటీ అండీ. ఏటా అవే అడుగుతారు. నేనే బట్టీ పట్టించాను. వినడం నేర్పితే ఒక్కొక్కరికీ ఏళ్ళు పడుతుంది, నాకు ఇచ్చింది వారానికి రెండు గంటలు." ఆగింది. "పొద్దున గోడ అవతలే ఉన్నాను. రెండోసారి నొక్కగానే తేడా నాకూ తెలిసింది. ముప్పై మంది 'గ' అన్నారు, ఊరుకున్నాను. కీచు 'మ' అంది. అప్పుడూ ఊరుకున్నాను."

హాలంతా ఒక్కసారి లేచింది. పన్నెండొందల పరీక్ష ఫీజు ఒకరికి గుర్తొచ్చింది, పండక్కి కొనాల్సిన బట్టలు మానేసి కొన్న పెట్టె ఇంకొకరికి గుర్తొచ్చింది. బోర్డాయన మార్కుల కాగితాలు సంచిలో దోపుకుని, బస్సు టైమైందని మెట్లు దిగిపోయాడు. ఓనరు ఆయన వెంట నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చాడు. మొహం కందిపోయింది.

"ఇద్దరూ రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు మేస్త్రినీ టీచరునూ చూసి. "అన్నం పెట్టిన చోటే..."

"పెట్టలేదు సార్," అన్నాడు మేస్త్రి. "పెట్టెకు నూట యాభై ఇచ్చారు. నేను పని ఇచ్చాను. పది పెట్టెలకు లెక్క సరిపోయింది. పదకొండోది ఇప్పుడు ఇస్తున్నా."

పెట్టె మూత తీశాడు. ఓనరు చెయ్యి అడ్డం పెట్టబోయాడు. కీచు తల్లి మంచి చీరతో సహా మధ్యలోకి వచ్చి నిలబడింది. "పని చేసుకోనివ్వండి సార్, టైము వేస్టు," అంది.

నాలుగు మరలు. రెండు రీడ్లు బయటికొచ్చాయి, చోట్లు మార్చుకున్నాయి. మేస్త్రి మర బిగించి, 'స' పట్టుకుని, మూడో మీట నొక్కి కూతురి వైపు చూశాడు.

కీచు వెంటనే చెప్పలేదు. ఎడమ చేత్తో చెవి వెనక జుట్టు తప్పించుకుంది.

"గ. కానీ కాస్త కిందుంది నాన్నా. కొన మీద ఒక్క గీత."

అతను ఒక్క గీత గీశాడు.

"చాలు."

మూత పడింది. మందుల షాపాయన ఇంకా నిలబడే ఉన్నాడు. "మేస్త్రీ, మావాడికి అసలు చెవుందో లేదో ఇప్పుడు చూడొచ్చా? సర్టిఫికెట్ తర్వాత సంగతి."

మేస్త్రి టీచరు వైపు చూశాడు. అది ఆమె పని. టీచరు ఒక్క క్షణం ఓనరును చూసి, తర్వాత పిల్లల వైపు తిరిగింది.

"అందరూ అటు తిరగండి. పెట్టెకు వీపు పెట్టండి. చీటీ మర్చిపోండి. తప్పు చెప్పినా ఫర్వాలేదు, వినకుండా చెప్పకండి."

నలభై ఒక్క మంది గోడ వైపు తిరిగారు.

"హాలు ఖాళీ చెయ్యండి! ఇది నా హాలు!" ఓనరు గోడ దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క స్విచ్చే కట్టేశాడు. దీపాలు ఆరిపోయాయి. ఫ్యాన్లు నెమ్మదించి, గరగర తగ్గి, ఆగిపోయాయి. కిటికీల్లోంచి సాయంత్రపు వెలుగు వస్తూనే ఉంది. ఎవరూ కదల్లేదు. ఫ్యాన్ల చప్పుడు ఆగాక హాలు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది.

మేస్త్రి తిత్తి కదిపి 'స' నొక్కాడు. దాని తర్వాత తొమ్మిదేళ్ళుగా ఆ హాల్లో ఎవరూ అడగని స్వరం ఒకటి నొక్కాడు. అది గోడలకు తాకి సన్నగా నిలబడింది.

ఎవరూ నోరు తెరవలేదు. చిన్నపిల్లలు కొందరు పక్కవాళ్ళను చూశారు, పక్కవాళ్ళ దగ్గరా ఏమీ లేదు. కీచు పెదవులు బిగబట్టుకుని నిలబడింది. దానికి తెలుసు. చెప్పలేదు.

స్వరం మెల్లగా సన్నగిల్లింది. అప్పుడు మందుల షాపాయన కొడుకు, గోడకేసి చూస్తూనే, చెయ్యెత్తాడు.

"మేస్త్రిగారూ, ఇంకోసారి వాయించండి."